పళ్ళత్త చదివిన ఇరవైమూడు లోకాలు

పళ్ళత్తకి ఆ పిచ్చి ఒక చిరిగిన కాగితంతో పట్టుకుంది.

అప్పటికామెకి ఇరవైరెండేళ్ళు. ఇంకా ఎవరికీ అత్త కాలేదు. కట్టుడు పళ్ళు చేసే లాబులో పని నేర్చుకుంటోంది. అక్కడి పెద్ద మేస్త్రీ తయారైన పళ్ళ సెట్టుని చేతికందిన కాగితంలో చుట్టేసి డాక్టర్లకి పంపేవాడు. ఒకరోజు ఒక సెట్టు తిరిగొచ్చింది, పై వరస కాస్త ఎత్తుగా ఉందని. పొట్లం విప్పితే అది ఏదో నవలలోని పేజీ. పళ్ళు పక్కన పడేసి పేజీ చదివింది. ఒకాయన నిచ్చెనెక్కి ఆకాశంలో ఉన్న రెండో సూర్యుణ్ణి బాగుచేయడానికి వెళ్తాడు. తీరా పైకెక్కాక చూసుకుంటే పానా కింద మర్చిపోయాడు. కిందకి దిగాలంటే నాలుగు రోజులు. సూర్యుడేమో మూడు రోజుల్లో ఆరిపోతాడు. జేబులన్నీ తడుముకుని, ఏమీ దొరక్క, చివరికి చొక్కా గుండీ ఒకటి పుటుక్కున తెంపాడు. అంతే, పేజీ అయిపోయింది.

"గుండీతో ఏం చేశాడండీ?" అని మేస్త్రీని అడిగింది.

"ఎవడు?" అన్నాడాయన. "ముందు ఆ పై వరస అరగదియ్యి."

అరగదీసింది గానీ మనసు నిచ్చెన మీదే ఉండిపోయింది. ఆ పేజీ మడిచి జాకెట్లో దోపుకుని, సెలవు దొరికినప్పుడల్లా పాత పుస్తకాల షాపులు గాలించింది. రెండు నెలలకి ఒక గుట్ట అడుగున దొరికింది ఆ పుస్తకం, 'రెండో సూర్యుడి రిపేరు'. ముందు అట్ట లేదు. వెనక అట్ట మీద రచయిత్రి ఫొటో ఉంది. ముప్పై ఏళ్ళావిడ తల వెనక్కి వాల్చి విరగబడి నవ్వుతోంది. పై వరసలో ఎడమవైపు ఒక పన్ను కొంచెం మెలి తిరిగి పక్కదాని మీదకి ఒరిగి ఉంది. పని నేర్చుకుంటున్న పిల్ల కదా, కళ్ళకంటే ముందు ఆ పన్నే కనిపించింది.

అక్కడే షాపు మెట్ల మీద కూర్చుని చదివేసింది. ఆయన గుండీ అంచుని మర గాడిలో దూర్చి తిప్పాడు. సూర్యుడు భగ్గున వెలిగాడు. అయితే కిందకి దిగే నాలుగు రోజులూ ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో చొక్కా పట్టుకునే దిగాల్సొచ్చింది. లోకాన్ని కాపాడినవాడి చొక్కా గురించి కూడా పట్టించుకున్న ఆ వాక్యం దగ్గర పళ్ళత్త పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. మేస్త్రీ పని మానుకున్నాడు, లాబు ఆమె చేతికొచ్చింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి "ఈ పుస్తకం అవ్వనీండి" అని చెప్తూ చెప్తూ ఆ వయసు దాటేసింది. తమ్ముడికి పెళ్ళయింది. మేనకోడలు పుట్టి, మాటలొచ్చి, "పళ్ళత్తా" అని పిలిచింది. వీధి వీధంతా ఆ పిలుపునే అందుకుంది. రచయిత్రి మాత్రం ఆపకుండా రాస్తూనే ఉంది. మొత్తం ఇరవైమూడు పుస్తకాలు. ఇరవైమూడూ పళ్ళత్త అలమరలో ఉన్నాయి.

లాబు అంటే రెండు గదులు. ముందు గదిలో ప్లాస్టర్ బస్తాలు, నీళ్ళ తొట్టి, అచ్చులు పోసే బల్ల. వెనక గదిలో కిటికీ పక్కన స్పిరిట్ దీపం, మైనం, రంగుల వారీగా పళ్ళు పేర్చిన డ్రాయర్లు. పంటి తెలుపులో పదహారు రకాలుంటాయి. ఆ పదహారూ పళ్ళత్త కళ్ళు మూసుకుని చెప్పగలదని డాక్టర్లు అనేవారు. కళ్ళు మూసుకుంటే రంగెలా తెలుస్తుందని ఆమె నవ్వేది. అచ్చులో పోసిన ప్లాస్టర్ గట్టిపడటానికి అరగంట పైనే పడుతుంది. ఆ అరగంట ఆమె సొంతం. చేతులు శుభ్రంగా తుడుచుకున్నాననుకుని పుస్తకం తీసేది. అందుకే ఆమె పుస్తకాల్లో ప్రతి పేజీ అంచునా ఒక తెల్లటి బొటనవేలి ముద్ర. విదిలిస్తే గులాబీ రంగు పొడి రాలేది. చిగుళ్ళు నున్నగా అరగదీసినప్పుడు లేచే పొడి అది.

"వదినా, మీ పుస్తకం తెరిస్తే నాకు తుమ్ములొస్తున్నాయి" అనేది మరదలు. ఆమె పోస్టాఫీసులో ఉత్తరాలు ఏరి వేరుచేసే పని చేస్తుంది.

"తుమ్ముతూ చదువు. అందులో మీ పోస్టుమనిషే ఉంది" అనేది పళ్ళత్త. 'గురుత్వాకర్షణకి సెలవు' అనే పుస్తకం గురించి. ఆ ఊళ్ళో వారానికో రోజు భూమి ఎవర్నీ పట్టుకోదు. అందరూ మంచాలకి తాళ్ళు కట్టుకుని పడుకుంటారు, ఒక్క పోస్టుమనిషి తప్ప. ఉత్తరాలన్నీ అదే రోజు పంచాలంటుంది ఆవిడ. సంచీ తేలిగ్గా ఉంటుంది కదా!

మరదలు రెండు పేజీలు చదివి, "ఎక్కడైనా ఉత్తరాలు అలా కిటికీల్లోంచి విసిరేస్తారా? పిన్ కోడ్ చూడొద్దూ?" అని మూసేసింది.

పళ్ళత్త ఊరుకునే రకం కాదు. 'అద్దెకి నీడలు' కథ చెప్పేది. ఆ ఊళ్ళో సొంత నీడ లేనివాళ్ళు పెళ్ళిళ్ళకీ ఇంటర్వ్యూలకీ నీడలు అద్దెకి తెచ్చుకుంటారు. వాటిని ఒంటికి సరిపోయేలా కత్తిరించి కుట్టే దర్జీ ఉంటాడు, మిగిలిన ముక్కలతో పిల్లులకి నీడలు కుట్టిపెడతాడు. 'నత్తల నౌక' చెప్పేది. కొండంత నత్తలు లాగే ఓడ ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి తొమ్మిది తరాల పాటు పాకుతుంది. ఉప్పు తగిలితే నత్తలు చస్తాయని, ఆ ఓడలో తొమ్మిది తరాల వాళ్ళూ చప్పిడి తిండి తింటారు. తీరా చేరుకున్న కొత్త లోకంలో ఎటు చూసినా ఉప్పు సముద్రమే. జనమంతా కేరింతలు కొడుతూ దిగిపోతారు. వంటవాడు మాత్రం దిగడు.

"ఎందుకు దిగడు?" అని మేనకోడలు అడిగేది.

"అదే కదే నాకూ తెలీనిది!" అని పళ్ళత్త చేతులు రెండూ పైకెత్తేది, ఎంత తెలియకపోతే అంత సంతోషమన్నట్టు.

ఆమె గమనించినది ఒకటుంది. ఈ లోకాలన్నింట్లో రాజులూ వీరులూ ఎక్కడో వెనకాల ఉంటారు. ముందు నిలబడేది పనివాళ్ళే. చేతులకి మసి, బుర్ర నిండా లెక్కలు, వేళకి తిండి ఉండదు. వాళ్ళని చూస్తే తన బల్ల పక్కనే ఇంకో బల్ల వేసుకుని కూర్చున్నట్టుండేది. ఇంకోటి కూడా గమనించింది. రెండో సూర్యుడి తర్వాత వచ్చిన ప్రతి పుస్తకంలోనూ ఎవరో ఒకరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

ఒక బుధవారం పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, పని మీద నమ్మకమున్నవాడు, కాకపోతే కంగారు మనిషి.

"ఒక పెద్దావిడతో చస్తున్నానండీ. వేరే లాబుల్లో రెండు సెట్లు చేయించాను. రెండూ పెట్టుకుని అద్దంలో చూసి, 'ఇది నా నోరు కాదు' అంటోంది. ముత్యాల్లాంటి పళ్ళు! మీరొకసారి వచ్చి ముఖం చూడండి."

పళ్ళత్త పంటి రంగులు పోల్చే పట్టీ సంచీలో వేసుకుని వెళ్ళింది. కుర్చీలో డెబ్భై అయిదేళ్ళావిడ కూర్చుని ఉంది. పళ్ళు లేక పెదాలు లోపలికి మడతపడి, గడ్డం ముక్కుకి దగ్గరగా వచ్చింది. డాక్టరు ఏదో అన్నదానికి ఆవిడ నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

పళ్ళత్తకి ఒక అలవాటుంది. బస్సులో అయినా, రేషన్ క్యూలో అయినా, బోసినోటి మనిషి కనిపిస్తే మనసులోనే పళ్ళు పెట్టి చూస్తుంది. ఈవిడకీ పెట్టింది. కింది వరస పెట్టింది, దవడ దిగింది. పై వరస పెట్టింది, బుగ్గలు నిండాయి. ఏదో వెలితిగా ఉందనిపించి, ఎడమవైపు పన్ను కొంచెం మెలి తిప్పింది.

చేతిలోని రంగుల పట్టీ కింద పడి పదహారు తెలుపులూ గచ్చు మీద టపటపలాడాయి.

"ఏమైందండీ?" అన్నాడు డాక్టరు.

"కొలత... కొలబద్ద బయట మర్చిపోయా" అంటూ వరండాలోకి పరిగెత్తింది. అక్కడ చేతులు కడుక్కునే పంపు దగ్గర నిలబడి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చప్పుడు కాకుండా ఎగిరింది. ఒకటికి నాలుగుసార్లు ఎగిరింది. బెంచీ మీద దూదితో బుగ్గ ఉబ్బిన పెద్దమనిషి ఒకాయన నోరు తెరవలేక కళ్ళే పెద్దవి చేసుకుని చూశాడు. పళ్ళత్త పోస్టాఫీసుకి ఫోన్ చేసింది.

"ఏమే! ఆవిడ నోరు నా చేతికొచ్చిందే!"

"ఎవరి నోరు వదినా? దెబ్బలేమైనా తగిలాయా? మీ తమ్ముణ్ణి పంపనా?"

"రచయిత్రే! మన రచయిత్రి! మన ఊళ్ళోనే ఉందే! పళ్ళు లేవే ఆవిడకి, ఒక్కటి కూడా లేదు!"

"అందుకు సంతోషమా మీకు?" అంది మరదలు.

ముఖం కడుక్కుని, ఏమీ ఎరగనట్టు లోపలికెళ్ళింది పళ్ళత్త. మీ పుస్తకాలన్నీ చదివానని నాలిక చివరిదాకా వచ్చింది. పంటి బిగువున ఆపుకుంది. ఇప్పుడు చెప్తే ఆవిడ మొహమాటానికి పళ్ళు బాగున్నాయనేస్తుంది. ఆవిడ పుస్తకాల్లో ఏ పనివాడూ పని అవ్వకముందు నోరు విప్పడు. పెదాల కొలత, నవ్వు గీత, చిగురు ఎత్తు అన్నీ తీసుకుంది.

"అమ్మాయ్, నాకు ముత్యాలొద్దు" అంది పెద్దావిడ, బోసినోట్లోంచి మాటలు జారిపోతుంటే ఏరుకుంటూ. "ముత్యాలు పెట్టుకుని నేనెక్కడికెళ్తాను? నాకు పళ్ళు కావాలి."

"మూడు రోజులు టైమివ్వండి" అంది పళ్ళత్త.

ఆ మూడు రోజులూ తక్కిన పనులన్నీ పక్కన పెట్టేసింది. వెనక అట్ట మీది ఫొటోని భూతద్దం కింద పెట్టి, ఒక్కో పన్ను ఎంత పొడుగుందో, ఏది వెలుగు పట్టిందో, ఏది నీడలో ఉందో చూసింది. ముప్పై ఏళ్ళ పళ్ళని డెబ్భై అయిదేళ్ళ ముఖానికి పెడితే వెక్కిరించినట్టుంటుంది కాబట్టి, అంచులు కొంచెం అరగదీసింది. కాస్త పచ్చదనం ఉన్న తెలుపు ఎంచుకుంది. ఎడమ పన్ను మెలి తిప్పి పక్కదాని మీదకి ఒరిగించింది. ఒరిగింది ఎక్కువైంది. తీసి మళ్ళీ పెట్టింది. ఈసారి తక్కువైంది. మైనం కరుగుతూ గట్టిపడుతూ ఆ ఒక్క పన్ను పధ్నాలుగుసార్లు లేచి కూర్చుంది. పధ్నాలుగోసారి పళ్ళత్త, "ఆఁ, వచ్చావా తల్లీ!" అని గట్టిగా అరిచింది. కింద షాపువాళ్ళు చుట్టాలొచ్చారనుకున్నారు.

డాక్టరు చూసి పళ్ళు నూరాడు. "వంకర పన్నేంటండీ! కావాలని చేశారా? ఇది బయటికెళ్తే నా పరువేం కావాలి?"

ఇరవై ఎనిమిదేళ్ళలో పళ్ళత్త ఏ డాక్టరుకీ ఎదురు చెప్పలేదు. "మైనం మీదే కదా ఉంది. ఒకసారి పెట్టి చూడండి. నచ్చకపోతే నేనే తిన్నగా చేసి, రేపటినుంచి మీరేది చెప్తే అది చేస్తా" అంది. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది, ఇంత మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని.

పెద్దావిడ పెట్టుకుంది. డాక్టరు చేతి అద్దం ఇచ్చాడు. ఆవిడ చూసుకుంది. అద్దం దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. నాలికతో ఆ మెలి తిరిగిన పన్నుని తడిమింది.

పెద్దావిడ నవ్వింది. చెయ్యి అలవాటుకొద్దీ నోటిదాకా లేచి, సగంలో ఆగి, ఒళ్ళో పడిపోయింది. తల వెనక్కి వాల్చి ఇంకా గట్టిగా నవ్వింది. బయట బెంచీ మీది వాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూశారు.

"నలభై ఏళ్ళైంది దీన్ని చూసి!" అంది ఆవిడ. "ఒక ఫొటోలో చూసి ఎవరో వెక్కిరించారని అప్పుడే తిన్నగా చేయించుకున్నాను. అప్పట్నుంచి నవ్వొస్తే ఎవరి నోటితోనో నవ్వినట్టుండి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. నీకెలా తెలిసింది అమ్మాయ్?"

ఆనకట్ట తెగింది. పళ్ళత్త పొట్లం కాగితం దగ్గర మొదలుపెట్టి, ఇరవైమూడు పుస్తకాలూ వరసపెట్టి, ఏది ఏ నెలలో చదివిందో, ఎక్కడ ఏడ్చిందో, ఎక్కడ ప్లాస్టర్ గిన్నెలోనే ఎండిపోయిందో, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. చెప్పి చెప్పి, "పదహారోది మాత్రం బాలేదండీ" అనేసింది. అని నాలిక కరుచుకుంది.

డాక్టరు కళ్ళు మూసుకున్నాడు.

"'నిశ్శబ్ద సామ్రాజ్యం' కదూ?" అంది రచయిత్రి ముందుకు వంగి. "ఎందుకు బాలేదు?"

"కత్తులున్నాయి గానీ, వాటికి సాన పట్టేవాడు లేడండీ అందులో."

రచయిత్రి మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. "సరిగ్గా పట్టుకున్నావు! చుట్టాలంతా పెద్ద పుస్తకం రాయమంటే, పెద్ద మనుషుల గురించి రాశాను. నాక్కూడా గిట్టదది."

"మరి నత్తల ఓడలో వంటవాడు ఎందుకు దిగలేదండీ?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"ఉప్పు వేస్తే తన వంట తనకే కొత్తదైపోతుందని భయపడ్డాడని ఒకసారి అనుకుంటాను. నత్తలకి తిండి పెట్టేవాళ్ళు ఎవరూ ఉండరని ఇంకోసారి అనుకుంటాను."

"రెండోది నాకు తట్టనే లేదు" అంది రచయిత్రి. "అది ఇంకా బాగుంది."

తలుపు సందులోంచి, ఆ రోజు వరండాలో చూసిన దూది బుగ్గాయనే, "ఆ పుత్తకం పేరేంటండీ?" అని అడిగాడు. డాక్టరు ఇంక చేసేదేమీ లేక, మందుల చీటీ మీద పేరు రాసిచ్చాడు.

ఆ తర్వాత రచయిత్రి లాబుకి రావడం మొదలుపెట్టింది. కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, ప్లాస్టర్ కలిపే చేతుల్ని చూస్తూ, "దీన్నేమంటారు? అదెందుకు వేడిచేస్తున్నావు?" అని పసిపిల్లలా అడిగేది. అరగంట ఖాళీ దొరికితే పుస్తకాల గోలే. పళ్ళత్త బరువు తగ్గింది. తిండి కూడా మర్చిపోతోందని మరదలు డబ్బా పట్టుకుని లాబుకే వచ్చేది. అలా వచ్చి, ఒకరోజు రచయిత్రి ముఖం మీదే, "పిన్ కోడ్ లేకుండా ఉత్తరాలెలా పంచిందండీ మీ పోస్టుమనిషి?" అని నిలదీసింది. రచయిత్రి మరదల్ని కూర్చోబెట్టి, ఉత్తరాలు వేరుచేసే పద్ధతంతా చెప్పించుకుని రాసుకుంది. ఆ రోజు నుంచి మరదలి కాళ్ళు కూడా నేల మీద నిలవలేదు.

ఏడాది తిరక్కుండానే ఊరి లైబ్రరీ వాళ్ళు రచయిత్రికి సభ చేస్తామన్నారు, రాయడం మొదలుపెట్టి యాభై ఏళ్ళైందని. పుస్తకాలన్నింటి గురించీ మాట్లాడటానికి పెద్ద ప్రొఫెసర్ని పిలుస్తామన్నారు.

"పళ్ళు చేసే ఆవిడ మాట్లాడితే వస్తాను. లేకపోతే మీరూ ప్రొఫెసరూ చేసుకోండి సభ" అంది రచయిత్రి.

పళ్ళత్త వారం రోజులు వద్దు మొర్రో అంది. ఎనిమిదో రోజు కాగితం మీద రాసుకుంది. సభ రోజు ఆ కాగితం ఇంట్లో మర్చిపోయింది. మరదలు ఇరవైమూడు పుస్తకాలూ రెండు సంచుల్లో మోసుకొచ్చి బల్ల మీద పేర్చింది. హాలు నిండా జనం. ముందు వరసలో డాక్టరు, బట్టలు ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. పళ్ళత్త భయంభయంగా మైకు ముందు నిలబడింది. పై పుస్తకం చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే గులాబీ పొడి మైకు మీద రాలింది. ముందు వరసలో ఎవరో తుమ్మారు. హాలు గొల్లుమంది. పళ్ళత్త కూడా నవ్వేసింది. దాంతో భయం వదిలింది.

"నాకు పెద్ద పెద్ద మాటలు రావండీ" అంది. "ఏ పుస్తకం ఎప్పుడు చదవాలో చెప్తాను. జ్వరం తగ్గుతున్నప్పుడు ఇది చదవండి, ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది కాబట్టి గురుత్వాకర్షణ లేదంటే నమ్మేస్తారు. ఎవరితోనైనా మాటలు లేనప్పుడు ఇది చదివి, వాళ్ళ గుమ్మంలో పెట్టేసి రండి. పని నేర్చుకుంటూ తిట్లు తింటున్నారా, ఇదిగో ఇది. దీన్ని మాత్రం బస్సులో చదవకండి, పక్కవాళ్ళు మిమ్మల్ని చూసి భయపడతారు." ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ గంటన్నర మాట్లాడింది. ఎవరూ లేవలేదు. "ఈ ఇరవైమూడు లోకాల్లోనూ నాకు ఉద్యోగం దొరుకుతుందండీ" అంది చివర్లో. "అంతటా చేతిపని వాళ్ళే కదా. అందుకే ఎక్కడికెళ్ళినా కొత్తగా అనిపించలేదు." ఇంకేం చెప్పాలో తోచక, "అంతే" అని దిగిపోయింది. చప్పట్లు మోగుతుంటే ఎటు నడుస్తోందో తెలీక వక్తల గది బదులు సామాన్ల గదిలోకి వెళ్ళింది. లైబ్రేరియన్ వెళ్ళి బయటికి తీసుకొచ్చాడు.

కారులో దిగబెడతామంటే రచయిత్రి వినలేదు, బస్సే అంది. సాయంకాలం ఎండ కిటికీల్లోంచి ఏటవాలుగా పడుతోంది. ముగ్గురూ వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు, సంచులు రెండూ మరదలి ఒళ్ళో.

"ఇరవైనాలుగోది రాస్తున్నారా?" అంది పళ్ళత్త.

"రాస్తున్నాను. చెప్పను."

"మొదటి పేజీ ఒక్కటి!"

"ఒక్క పేజీ చెప్తే నువ్వు రెండు నెలలు ఊరంతా తిరుగుతావు" అంది రచయిత్రి. అలా అంటూనే మొదలుపెట్టేసింది. వంతెనలు కట్టే ఆవిడ ఒకతి ఉంటుంది. ఒక నది మీద వంతెన కట్టమని పిలుస్తారు. పాతికేళ్ళ నుంచి ఎవరు కట్టినా సగంలో ఆగిపోతోందట.

దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఇంకోటి కూడా దాటాక మరదలు చూసుకుని, "అయ్యో, ఆపండి, ఆపండి!" అని అరిచింది. దిగి, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టారు. పళ్ళత్త రచయిత్రికి ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తోంది, ముఖం చూస్తూ వినాలని.

"వదినా, స్తంభం!" అంది సంచులతో రొప్పుతూ మరదలు.

పళ్ళత్త భుజంతో స్తంభాన్ని రాసుకుంటూ దాటేసింది. "ఊఁ, తర్వాత?"

"తర్వాతేముంది, మూడో రోజు కొలతలు తీస్తుంటే ఆవిడకి అర్థమవుతుంది" అంది రచయిత్రి. "అవతలి ఒడ్డు రోజూ రెండడుగులు వెనక్కి జరుగుతోందని."

పళ్ళత్త రోడ్డు మధ్యలో టక్కున ఆగిపోయి రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. "అయ్యయ్యో! మరి సామాను ఎంతని తెప్పిస్తుందండీ పాపం!"